పండుగ పని అందరిదీ

పంట పండుగ అంటే, పండిన గింజ ఇంటికి చేరిన కాలంలో ఆ పంటకు కారణమైన నేలకూ పశువులకూ, ఆ నేలను సాగుచేసి తరువాతి తరానికి అప్పగించి వెళ్ళిన పెద్దలకూ కృతజ్ఞత చెప్పుకోవడానికి ఒక వంశంవారంతా ఒకచోట కూడే సందర్భం. తెలుగువారికి ఇలాంటి కూడిక ఏడాదిలో రెండుసార్లు వస్తుంది. వానాకాలపు మక్కలు, పెసలు చేతికందే రోజుల్లో భాద్రపద అమావాస్యతో మొదలై బతుకమ్మ మీదుగా దసరాకు చేరేది ఒకటి. వరి కోతలు, నూర్పిళ్ళు ముగిశాక, సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే జనవరి 14న గానీ 15న గానీ వచ్చే సంక్రాంతి రెండోది. ఆ భాద్రపద అమావాస్యను తెలంగాణలో పెత్రమాస అంటారు. పితృ అమావాస్య అనే మాట వాడుకలో అలా నలిగింది. ఆనాడు గతించినవారి పేరుమీద బియ్యం, పప్పు, కూరగాయలు, బెల్లం దానమిస్తారు కనుక దానికి పెద్దల అమావాస్య అన్న పేరు కూడా ఉంది.

హైదరాబాదు తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్, వనస్థలిపురం దాకా సాగే ప్రాంతంలో ఈ రెండు పండుగలకూ గట్టి వేళ్ళున్నాయి. విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి అటువైపుగానే నగరం దాటుతుంది కాబట్టి, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపునుంచి బతుకుదెరువుకు వచ్చినవారూ, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుంచి చదువులకూ ఉద్యోగాలకూ వచ్చినవారూ తమ ఊరి బస్సు ఆగే చోటికి దగ్గరలోనే ఇల్లు చూసుకున్నారు. ఒకే అపార్ట్‌మెంటులో ఒక అంతస్తు సద్దుల బతుకమ్మకు ఇల్లు కడుక్కుంటే, పై అంతస్తు భోగి ఎప్పుడా అని క్యాలెండరు తిప్పుతుంది. అత్తగారిది సూర్యాపేట, కోడలిది భీమవరం అయిన ఇళ్ళూ ఇక్కడ కొత్త కాదు. అలాంటి ఇంట్లో ఏ పండుగకు ఎవరి ఊరికి పోవాలన్నదే మొదటి చర్చ అవుతుంది.

బంధువులను దగ్గర చేసేది వాళ్ళు కలిసి చేసిన పని. తిండి, బట్టలు, ఫొటోలు ఆ తరువాతివి. ఆ పని ఒకరిద్దరు ఆడవాళ్ళ నెత్తిన పడిన ఇంట్లో పండుగ ఏటేటా చిక్కిపోతుంది, చివరకు ఒక ఏడు ఎవరో ఒకరు ఏదో ఒక సాకుతో రావడం మానేస్తారు. ఆ సాకు వెనుక ఉన్న అలసటను ఎవరూ పైకి అనరు. కాబట్టి పెద్ద కుటుంబంతో పండుగ చేసుకోవాలనుకునేవారు ముందుగా ఆలోచించవలసినది పనిని ఎలా పంచుకోవాలన్నదే.

ఈ విషయంలో తెలుగువారికి పనికివచ్చే పోలిక దూరాన ఉన్న కొరియాలో దొరుకుతుంది. అక్కడ చాంద్రమానం ప్రకారం ఎనిమిదో నెల పదిహేనో రోజున, అంటే నిండు పున్నమినాడు, చుసోక్ అనే పంట పండుగ జరుపుతారు. దానికే హాన్‌గావి అన్న అచ్చ కొరియా పేరు కూడా ఉంది. 2023లో అది సెప్టెంబరు 29న, 2024లో సెప్టెంబరు 17న, 2025లో అక్టోబరు 6న వచ్చింది. మన లెక్కలో ఆ పున్నమి ఎక్కువ ఏళ్ళలో భాద్రపద పౌర్ణమి, కొన్ని ఏళ్ళలో ఆశ్వయుజ పౌర్ణమి అవుతుంది. భాద్రపద పౌర్ణమి అయిన ఏట, కొరియా కుటుంబాలు తమ పెద్దలకు నైవేద్యం పెట్టుకున్న మరుసటి రోజునే ఇక్కడ పితృపక్షం మొదలై, పెత్రమాసతో ముగుస్తుంది. రెండు జాతులకూ ఒకరి ఆచారంతో ఒకరికి సంబంధం లేకపోయినా, పంట కాలంలో మనసు ముందుగా గతించినవారి వైపే పోవడం గమనించదగిన సంగతి.

పోలికలు అక్కడితో ఆగవు. చుసోక్‌కు ముందు కొరియన్లు ఊరికి వెళ్ళి పూర్వుల సమాధుల మీద పెరిగిన గడ్డిని కోసి శుభ్రం చేస్తారు. పండుగ ఉదయం కొత్త బియ్యంతో వండిన అన్నం, పళ్ళు, పిండివంటలు బల్లమీద పేర్చి పెద్దలకు మొక్కుతారు, ఆ తంతును ఛార్యే అంటారు. బియ్యప్పిండి ముద్దలో నువ్వులో చిక్కుడు గింజల పిండో కూరి, అర్ధచంద్రాకారంగా మడిచి, దేవదారు జాతి చెట్ల ఆకుల మీద ఆవిరికి ఉడికించే సోంగ్‌ప్యోన్‌ను ఇంటిల్లిపాదీ కూర్చుని చేస్తారు. పున్నమి వెన్నెలలో ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే కాంగ్‌కాంగ్‌సుల్లే అనే ఆటను 2009లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఆ ఆట సంగతి విన్న తెలంగాణ మనిషికి బతుకమ్మ గుర్తుకు రాకుండా ఉండదు. రాష్ట్రం ఏర్పడిన 2014లోనే బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. 2025 సెప్టెంబరు 29న దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలోని సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మ చుట్టూ వెయ్యిమందికి పైగా స్త్రీలు ఆడిన ఆట గిన్నిస్ రికార్డుకు ఎక్కింది.

అయితే కొరియానుంచి నేర్చుకోవలసినది ఈ పోలికల కంటే ఎక్కువగా ఆ దేశం నిజాయితీగా ఒప్పుకున్న ఒక కష్టం గురించి. అక్కడ పండుగ వంటంతా కోడళ్ళ మీద పడడం, నూనెలో వేయించే వంటకాల ముందు గంటల తరబడి కూర్చోవడం, మగవాళ్ళు హాలులో కబుర్లు చెప్పుకోవడం ఎంత మామూలయిందంటే, పండుగ ముందూ వెనుకా వచ్చే నడుము నొప్పి, తలనొప్పి, చిరాకు, దిగులు అన్నిటికీ కలిపి మ్యోంగ్‌జోల్ జుంగ్‌హుగున్ అని ఒక పేరే పుట్టింది. పండుగ జబ్బు అని దానిని తెలుగులో చెప్పుకోవచ్చు. 2022 సెప్టెంబరులో, కన్ఫ్యూషియస్ సంప్రదాయానికి కొరియాలో పెద్ద దిక్కుగా నిలిచిన, 1398లో స్థాపితమైన సంగ్యున్‌గ్వాన్ అనే సంస్థే ముందుకు వచ్చి, పెద్దల బల్లమీద తొమ్మిది రకాలు ఉంటే చాలునని, నూనెలో వేయించినవి పెట్టితీరవలసిన అవసరం లేదని, ఎన్ని వండాలన్నది కుటుంబసభ్యులు కలిసి కూర్చుని తేల్చుకోవాలని ప్రకటించింది. ఆచారాన్ని కాపాడవలసిన పెద్దలే ఆచారం బరువు తగ్గించడం సాహసమైన పని. ఆ మాట తెలుగు ఇళ్ళలో కూడా పెద్దవాళ్ళ నోటినుంచే రావాలి. కోడలు అంటే బద్ధకమనిపించే మాటే అత్తగారు అంటే ఆదరణ అవుతుంది.

తగ్గించడం అంటే ఏది తగ్గించాలి అన్న ప్రశ్న వస్తుంది. పెద్ద కుటుంబాలు సాధారణంగా ఇక్కడే పొరబడతాయి: పదిమంది కలిసి చేయగల వంటకాన్ని కష్టమని కొనుక్కుని, ఒక్కరే చేయగల చిన్నాచితకా వంటలను ఇంట్లో పెట్టుకుంటాయి. చేయవలసినది దీనికి తలకిందులు. పదిచేతుల పని కోరే వంటకం ఒక్కటి ఇంట్లో చేసుకుని, మిగిలినవి స్వగృహ దుకాణంలో కిలోల లెక్కన తెచ్చుకోవాలి. కొత్తపేటలో గానీ వనస్థలిపురంలో గానీ అలాంటి దుకాణాలకు కొదవ లేదు, అక్కడ కొనడంలో తప్పూ లేదు.

తెలంగాణ ఇళ్ళలో అలాంటి వంటకం సకినాలు. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వడగట్టి, ఆ తడిమీదనే పిండి పట్టించాలి. దానిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి, నీళ్ళు చిలకరిస్తూ వేళ్ళ సందునుంచి జారేటంత మెత్తగా కలపాలి. హాలులో సోఫాలు పక్కకు జరిపి, ఉతికిన పాత చీరనో నూలు దుప్పటినో నేలమీద పరిచి, చుట్టూ మనుషులు కూర్చుంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండిని మెలితిప్పుతూ ముందు చిన్న గుండ్రం, దాని చుట్టూ ఆనుకుని మరొకటి, ఆపైన ఇంకొకటి అంటూ చుట్టుకుంటూ పోతే ఒక సకినం అవుతుంది. మెలిక సన్నబడితే తెగుతుంది, లావైతే లోపల వేగదు. నలభై ఏళ్ళుగా చుట్టిన నానమ్మ వేళ్ళు ఆ తేడాను చూడకుండానే పట్టుకుంటాయి. పక్కన కూర్చున్న పదేళ్ళ మనవరాలి సకినం మూడో చుట్టు దగ్గర విరిగితే, ఆమె ఆ విరిగిన చోట చిటికెడు పిండి అతికి, ఏమీ అనకుండా తన పని తాను చేసుకుపోతుంది. చుట్టినవి గుడ్డకు తడి ఇచ్చి కాస్త ఆరాక, సన్నటి పళ్ళెం సాయంతో లేపి కాగిన నూనెలోకి జారవిడుస్తారు. ఆరేదాకా ఎవరికీ వేరే పని ఉండదు, లేవడానికీ వీలుండదు. అప్పుడే పెళ్ళిళ్ళ సంగతులు, పోయినవాళ్ళ సంగతులు, ఊళ్ళో బావి దగ్గర ఎవరి వంతు ఏమయిందన్న సంగతులు బయటికి వస్తాయి. ఇరవై ఏళ్ళ కుర్రవాడికి తన తాత మాట తీరు ఎలా ఉండేదో తెలిసేది అలాంటి గంటలోనే.

కోస్తా ఇళ్ళలో ఆ స్థానం అరిసెలది. ఇక్కడా తడిబియ్యం పిండే. బెల్లం పాకం సరిగ్గా కుదరడమే దీనిలో ప్రాణం. పాకం చుక్కను చల్లటి నీళ్ళలో వేసి వేళ్ళతో కూడదీస్తే మెత్తటి ఉండ కట్టాలి, అంతకుముందు దింపితే అరిసె నూనెలో విడిపోతుంది, ఆలస్యమైతే రాయిలా గట్టిపడుతుంది. ఆ అదను తెలిసిన పెద్దావిడ చెప్పగానే దింపి, ఒకరు పిండి పోస్తుంటే మరొకరు పెద్ద గరిటెతో ఆగకుండా కలిపితే చలిమిడి తయారవుతుంది. ఈ కలపడానికి భుజబలం కావాలి. ఇంట్లోని మగవాళ్ళకు వంటలో చోటు లేదనుకునేవారు ఈ ఒక్క పనిని వారికి అప్పగించి చూడాలి. తరువాత ఒకరు నువ్వులద్ది తట్టాలి, ఒకరు వేయించాలి, ఇంకొకరు రెండు అరిసెల చెక్కల మధ్య నొక్కి నూనె పిండాలి. నలుగురైదుగురు చేస్తే రెండు గంటల్లో తేలే పని ఒంటరిగా చేస్తే రోజంతా మింగుతుంది, పైగా పాకం చెడితే పడే మాట కూడా ఆ ఒక్కరికే.

పని పంచుకోవాలంటే ముందు పనులన్నీ కంటికి కనబడాలి. వంట అందరికీ కనబడుతుంది. అదనపు గ్యాస్ సిలిండరు ముందే తెప్పించడం, పదిహేనుమందికి సరిపడా నీళ్ళున్నాయా అని అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను అడిగి అవసరమైతే ట్యాంకరు చెప్పడం, పరుపులు దుప్పట్లు ఎండబెట్టడం, పెద్దవాళ్ళ బీపీ, షుగరు మాత్రలు పండుగ మూడు రోజులకూ ఉన్నాయో లేవో చూడడం, గిర్నీలో వరుసలో నిలబడి తడిపిండి పట్టించుకురావడం, సరూర్‌నగర్ రైతుబజారుకు తెల్లవారకముందే పోయి కూరగాయలు తేవడం ఎవరికీ కనబడని పనులు. వీటన్నిటికంటే బరువైనది అంట్లు తోమడం, ఎందుకంటే ఇంట్లో పనిచేసే ఆమె కూడా ఆ రోజుల్లో తన ఊరికి, తన పిల్లల దగ్గరికి వెళ్ళిపోతుంది, వెళ్ళడం ఆమె హక్కు. పండుగకు రెండు మూడు వారాల ముందు ఒక కాగితం మీద ఈ పనులన్నీ రాసి, ఒక్కొక్కదాని పక్కన ఒక్క పేరు రాసి, ఆ కాగితాన్ని కుటుంబ వాట్సాప్ గుంపులో పెట్టిన ఇంట్లో, పండుగ పూట ఎవరూ ఎవరినీ పురమాయించవలసిన అవసరం రాదు. పేర్లలో సగం మగవారివి కాకపోతే ఆ కాగితాన్ని మళ్ళీ రాయాలి. అల్లుడి పేరు కూడా ఉండాలి. కొత్త అల్లుడికి మర్యాద చేయడం సంక్రాంతి ఆచారమే, రెండో ఏటినుంచి ఆయన కూడా ఇంటివాడే; పిల్లను ఇచ్చిన మామగారి ఇంట్లో ఆయన ఒక పూట అందరికీ వడ్డిస్తే ఆయన మర్యాదకు వచ్చే లోటేమీ ఉండదు.

ఇక్కడ తోడికోడళ్ళ మాట విడిగా చెప్పుకోవాలి. అన్నదమ్ముల భార్యలను తెలంగాణలో యారాళ్ళు అంటారు. ఊళ్ళో అత్తమామలతో ఉండి ఏడాది పొడుగునా ముసలివారిని చూసుకునే పెద్ద యారాలికీ, నగరంనుంచి మూడు రోజులకు వచ్చే చిన్న యారాలికీ మధ్య పండుగ పూట పైకి అనని లెక్క ఒకటి నడుస్తుంది. నగరంనుంచి వచ్చినవారు చీరలూ స్వీట్లూ తెస్తే ఆ లెక్క సరిపోదు. వచ్చిన మూడు రోజులూ వంటిల్లు పూర్తిగా తమ చేతిలోకి తీసుకుని, ఊళ్ళో ఉన్న ఆమెను తన పుట్టింటికి ఒక పూట పంపిస్తే సరిపోతుంది. పెద్ద కుటుంబంలో సఖ్యత నిలిపే పనుల్లో ఇంతకు మించినది అరుదు.

ప్రయాణం గురించి చెప్పవలసినది కొద్దిదే అయినా అది ముందే తెలిసి ఉండడం మంచిది. సంక్రాంతికి ఆర్టీసీ నడిపే ప్రత్యేక బస్సుల్లో విజయవాడ, ఖమ్మం వైపు పోయేవాటికి ఎల్బీనగర్ ముఖ్యమైన కూడలి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చినందున, మియాపూర్ వైపు ఉండే పెద్దనాన్నలూ చిన్నాన్నలూ సామానుతో ఆటోల్లో అవస్థ పడకుండా అక్కడికి చేరి అందరూ ఒకే బస్సు ఎక్కవచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి అమలులో ఉన్న మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల ఛార్జీ లేదు. అంటే నల్లగొండ, సూర్యాపేట, కోదాడ దాకా ఇంటి ఆడవాళ్ళ ఛార్జీలు మిగులుతాయి, ఆ డబ్బు పండుగ ఉమ్మడి ఖర్చులో వేసుకోవచ్చు. కార్లలో పోయేవారికి చౌటుప్పల్ దగ్గర పంతంగి, ఆ తరువాత కొర్లపహాడ్, ఆంధ్రలోకి దిగాక చిల్లకల్లు టోల్‌గేట్లు తగులుతాయి. భోగికి ముందు రెండు రోజులు పంతంగి దగ్గర వాహనాలు బారులు తీరడం ప్రతి ఏడూ చూసేదే. ఫాస్టాగ్‌లో డబ్బు లేని ఒక్క కారు వెనుక అందరూ ఆగవలసి వస్తుంది కనుక బయలుదేరే ముందు రాత్రే దానిని చూసుకోవాలి. తిరుగు ప్రయాణం విషయంలో పాత సామెత ఒకటి మేలు చేస్తుంది: కనుమనాడు కాకి కూడా కదలదని పెద్దలు అంటారు. మూడు రోజులు పనిచేసిన చేతులకు ఒక రోజు విశ్రాంతి దొరికేది ఆ మాటను పాటించినప్పుడే, కాబట్టి ఉద్యోగులు సెలవును పండుగకు ముందు కంటే కనుమ తరువాతి రోజుకు పెట్టుకోవడం తెలివైన పని.

పెద్దలను తలుచుకోవడం పంట పండుగలో అన్నిటికంటే లోతైన భాగం. కోస్తాలో సంక్రాంతిని పెద్దల పండుగ అని పిలిచి, గతించినవారి పేరున కొత్త బట్టలు పెట్టి, ఆ తరువాతనే ఇంట్లోవారు కట్టుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలంగాణలో పెత్రమాసనాడు పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చి, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుతారు. దుఃఖానికీ సంబరానికీ ఒకే రోజున చోటు పెట్టిన ఆ ఏర్పాటు ఎంతో ఉదాత్తమైనది. పితృకార్యంలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు చెప్పాలన్నది నియమం. దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్లలో పుట్టి పెరిగిన పిల్లల్లో ముత్తాత పేరు తెలిసినవారు తక్కువ, ముత్తవ్వ పేరు తెలిసినవారు మరీ తక్కువ. అందుకని పెద్దలను తలుచుకునే రోజున ఇంటి పెద్ద ఆ పేర్లను, తల్లి వైపు పేర్లతో సహా, ఒక పుస్తకంలో పిల్లల చేతనే రాయించి, ఒక్కొక్కరి గురించి తనకు తెలిసిన ఒక్క సంగతి చెప్పాలి: ఆయన ఏ చెరువు కింద ఎన్ని ఎకరాలు చేసేవాడు, ఆమె ఏ పురుడుకు ఎవరిని పిలిపించేది, ఇల్లు ఏ కరువులో అమ్ముకున్నారు అన్నట్టు. అమెరికాలో ఉన్న పిల్లలు కూడా ఫోనులో దీనిని వినవచ్చు. సంక్రాంతినాడు ఇక్కడ తెల్లవారుజామున 5 గంటలు అయ్యేసరికి ఆ దేశపు తూర్పు తీరంలో ముందురోజు సాయంత్రం ఆరున్నర, అంటే వాళ్ళు పని ముగించుకుని ఇల్లు చేరే వేళ.

నలుగురు కూడిన చోట అలకలు తప్పవు. తొమ్మిది రోజుల బతుకమ్మలో ఆరో రోజు పేరు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పూలు పేర్చరు, ఆట ఆడరు. ఎనిమిది రోజుల ఆటకు మధ్యలో అలగడానికి ఒక రోజు విడిచిపెట్టిన పూర్వుల వివేకానికి చేతులెత్తి మొక్కాలి. పెద్ద కుటుంబంలో కూడా ఒకరు మూతి ముడుచుకుంటే వెంటబడి బతిమాలడం కంటే, ఒక పూట వారిని వారి మానాన వదిలి, మరుసటి పూట ఏమీ జరగనట్టే అన్నానికి పిలవడం మేలు. కాని ఒక విషయంలో మాత్రం గట్టి నియమం ఉండాలి. పొలం పంపకాలు, ఇంటి వాటాలు, బాకీలు పండుగ మూడు రోజుల్లో ఎవరూ ఎత్తకూడదు. అందరూ ఒకచోట ఉన్నారు కదా అని కనుమ మధ్యాహ్నం మొదలుపెట్టిన పంపకాల మాట వల్ల అన్నదమ్ములు ఆ మీదట ఏళ్ళ తరబడి కలవని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ మాట మాట్లాడుకోవలసిందే. దానికి ఫిబ్రవరిలోనో మార్చిలోనో వేరే తేదీ పెట్టుకుని, పత్రాలతో, అవసరమైతే ఊరి పెద్దమనిషితో కూర్చోవాలి.

పోవడానికి ఊరే మిగలని కుటుంబాలు ఇప్పుడు పెరుగుతున్నాయి. తల్లిదండ్రులు పోయి, ఇంటికి తాళం పడి, పొలం ప్లాట్లయిన ఊరికి పండుగకు వెళ్ళి ఎవరి వాకిట్లో నిలబడాలి? అలాంటివారు ఏటా ఒక అన్న ఇంట్లోనో ఒక అక్క ఇంట్లోనో వంతులవారీగా కలుసుకునే పద్ధతి పెట్టుకుంటే, వంతు వచ్చినవారికి ఖర్చు బరువు కాకుండా అందరూ తలా కొంత వేసుకుంటే, నగరంలోని ఫ్లాటే ఆ మూడు రోజులూ ఊరవుతుంది. అపార్ట్‌మెంటు వాకిట్లో నలుగురు ఆడపిల్లలు కలిసి ముగ్గు వేయవచ్చు. భోగిమంట డాబామీద వేయడం ప్రమాదకరం, దానిని కింద ఖాళీ స్థలంలో అందరూ కలిసి చిన్నదిగా వేసుకోవాలి. సాయంత్రం పిల్లలందరినీ వరుసగా పీటల మీద కూర్చోబెట్టి, రేగుపళ్ళు, బంతిపూల రేకులు, చెరకు ముక్కలు, చిల్లర నాణేలు కలిపి పెద్దముత్తయిదువలు తల చుట్టూ తిప్పి పోసే భోగిపళ్ళ వేడుకకు ఊరితో పనిలేదు, రేగుపళ్ళు ఉంటే చాలు. నాణేలకోసం పిల్లలు పడే తొందరలో ఏ పిల్ల ఏ అంతస్తుదో ఎవరికీ గుర్తుండదు.

ఇంకా కొందరు ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో పోటీ పరీక్షలకు చదువుకుంటూ ఛార్జీలు భారమై ఊరికి పోలేని పిల్లలు, ఆస్పత్రి డ్యూటీలో ఉన్న నర్సులు, అందరినీ ఊళ్ళకు చేర్చి తాము మాత్రం స్టీరింగు దగ్గరే పండుగ గడిపే ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు. పండుగ రోజుల్లో మెస్సులు మూతపడితే ఆ పిల్లలకు ఆ పూట తిండి కూడా దొరకదు. విస్తరి వేసేటప్పుడు అలాంటివారికి ఒకటి రెండు ఎక్కువ వేయడం పెద్ద కుటుంబానికి బరువు కాదు. సొంత కుటుంబంలోనే డ్యూటీ వల్ల రాలేకపోయినవారు ఉంటే, వారు వచ్చిన ఆదివారాన్నే మళ్ళీ పండుగగా చేసుకోవాలి.

ఈ ఏర్పాట్లన్నీ ముందుగా మాట్లాడుకుంటేనే కుదురుతాయి. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులనుంచి 60 రోజులకు తగ్గింది కాబట్టి, జనవరి 12న ఊరికి బయలుదేరాలనుకునే కుటుంబానికి టికెట్లు నవంబరు 13న ఉదయం తెరుచుకుంటాయి. అంతకు ముందు వచ్చే ఆదివారం నాడు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, యారాళ్ళు, బావలు ఫోనులోనైనా ఒక గంట కూర్చుని, ఎవరి ఇంట్లో కలవాలో, ఏ ఒక్క పిండివంట అందరూ కలిసి చేయాలో, అంట్లు ఏ పూట ఎవరు తోమాలో రాసుకోవాలి.